ఊపిరి పందెం

బొగ్గుపులుసు వాయువు అని ఆ పేరు పెట్టినవారెవరో గాని వారికొక నమస్కారం చేయవలసిందే, బొగ్గు సరే, పులుసు అంటే ఆమ్లమని చెప్పుకుంటే అదీ సరే, నీటిలో కరిగి ఆమ్లమయ్యే గుణాన్ని పేరులోనే ఇమిడ్చారు, కార్బన్ డయాక్సైడ్ అన్న పేరులో ఆ సంగతి లేదు, జీవితమంతా ఇంగ్లీషు పేరే శాస్త్రీయమని వాదించిన నాకు ఈ ఆలోచన ఇప్పుడు రావడమేమిటి, ఐసీయూ బయట గోడకు బిగించిన సీసా నుండి చల్లని ద్రవం అరచేతిలోకి వంపుకొని వేళ్ళ సందుల్లో రుద్దుకుంటున్నాను, ఆవిరైపోతూ చేతుల వేడిని లాక్కుపోతున్నది, ఆలోచించవలసినవి వేరే ఉన్నాయి, లోపల నా చెల్లెలు ఉన్నది, ఉన్నది అనవచ్చునా అన్నది తేల్చే పరీక్ష చూడడానికే నన్ను రమ్మన్నారు, నా శిష్యుడైన డాక్టరు తలుపు సగం తెరిచి పట్టుకొని నిలబడ్డాడు, ఒకప్పుడు జీవరసాయన శాస్త్రం క్లాసులో కిటికీ పక్కన చివరి బల్ల మీద కూర్చునేవాడు, పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, వెనక బెంచీ అనే పిలిచేవాడిని, ఇప్పుడు ఈ విభాగానికంతటికీ పెద్ద, సార్, ఏం చేస్తామో ఒకసారి చెప్పమంటారా అన్నాడు, చెప్పు అన్నాను, ముందు కాసేపు నిండా ఆక్సిజన్ ఇస్తాం సార్, తర్వాత వెంటిలేటర్ తీసేస్తాం, సన్నటి గొట్టంలోంచి ఆక్సిజన్ పోతూనే ఉంటుంది కాబట్టి గుండెకి లోటు రాదు, కానీ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారుండదు, రక్తంలో పెరుగుతూ పోతుంది, మెదడు కాండంలో ఏ కాస్త ప్రాణం ఉన్నా అంత పెరిగాక ఊరుకోదు, ఛాతీ కదిలి తీరుతుంది, కదిలితే అక్కడితో ఆపేస్తాం, కదలకపోతే, అని ఆగాడు, మొదలుపెట్టిన వాక్యాన్ని పూర్తి చేయాలని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో, అయినా ఈ వాక్యాన్ని పూర్తి చేయమని నేను అడగలేదు, మనిషి చేత ఊపిరి తీయించేది ఏమిటి అని ఒకసారి అడిగితే ఆక్సిజన్ తగ్గడం సార్ అన్నవాడు ఇతడే, గుర్తుందా అన్నాను, గుర్తులేకపోవడమేంటి సార్, క్లాసు అయ్యేదాకా నిలబెట్టారు, ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా కార్బన్ డయాక్సైడ్ అనే చెప్తాను, అని నవ్వబోయి, నవ్వకూడదని గుర్తుకువచ్చి నోరు సర్దుకున్నాడు, చూడలేకపోతే బయటే ఉండండి సార్, తప్పేం లేదు అన్నాడు, నేను చూడగలను అన్నాను, చూడగలనన్నది నిజమే, ఏమీ అనిపించడం లేదు, ఒకే వాసన అదేపనిగా తగులుతూ ఉంటే కాసేపటికి ముక్కు దానిని పట్టించుకోదు, గ్రాహకాలు అలసిపోతాయి, ఇదీ అటువంటిదే, మా ఆవిడ ఫోనులో ఏడ్చినప్పుడు కూడా నేను ఆమె శ్వాస ఎంత వేగంగా సాగుతున్నదో గమనించానే తప్ప మరేమీ చేయలేదు.

వెనక్కు తిరిగి చూస్తే నడవలో బెంచీ మీద మేనకోడలు కూర్చొని ఉన్నది, చెల్లెలికి ఒక్కతే కూతురు, ఒడిలో ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ సంచి, అందులో వాళ్ళమ్మ వేసుకొచ్చిన బట్టలు, రబ్బరు చెప్పులు, తాడుకు కట్టిన విజిల్, ఈత నేర్పే మనిషికి విజిల్ నగలాంటిది, మెడలోంచి తీసేది కాదు, కొలను గట్టు మీద నిలబడి అదే విజిల్ ఊదబోయి తల పట్టుకొని కూర్చున్నదట, పిల్లలు ఆటేమో అనుకున్నారట, మెదడులో నాళం చిట్లింది, నీటిలో కాదు, పొడి నేల మీద, మామయ్యా, అని మేనకోడలు లేచి వచ్చింది, మీరు లోపలుంటారుగా, ఉంటానమ్మా, డాక్టర్లు చెప్తే నేను వినను మామయ్యా, వచ్చినప్పట్నుంచీ వాళ్ళది ఒకటే పాట, నాకు మీరు చెప్పండి, అమ్మ ఉంది అంటే ఉంది, లేదంటే లేదు, మీ మాట మీదే సంతకం, సరేనా, సరే అని నేను అనలేదు, తల ఊపానేమో, సంతకం అంటే అవయవాలు ఇవ్వడానికి, ఇస్తానని చెల్లెలు ఎప్పుడో కూతురితో చెప్పి పెట్టిందట, నేను పోయాక నా ఒంట్లో పనికొచ్చేదేదైనా ఉంటే ఎవరికైనా తగిలించండి, దాచుకొని ఏం చేస్తాను అని, మెత్తని చెప్పులు వేసుకొని చప్పుడు లేకుండా నడిచే సలహాదారు ఒకామె పొద్దున వచ్చి కూర్చొని, కాలేయం కోసం ఒకరు, మూత్రపిండాల కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారమ్మా, ఎవరనేది చెప్పకూడదు, తొందరపెట్టడం కాదు గానీ గుండె ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం, అది ఆగితే ఇక ఎవరికీ ఏదీ అందదు అన్నది, మేనకోడలు ఆమెను పైనుంచి కిందికి చూసి, మా మామయ్య కాగితాలన్నీ చూశారండీ, అన్నీ పనిచేస్తున్నాయన్నారు, అంది, అవును, ఆ మాట అన్నాను, మొదటి సాయంత్రం రక్తపరీక్షల కాగితాలు నా చేతిలో పెట్టి ఇవేంటో చెప్పండి మామయ్యా అన్నప్పుడు, కళ్ళజోడు తుడుచుకొని, వేలితో వరుస వరుసగా చూపిస్తూ, ఇదిగో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు నిక్షేపంగా ఉన్నాయి, లాక్టేట్ దిగింది, అంటే కణాలకు ఆక్సిజన్ అందుతున్నది, కాలేయం గ్లూకోజును సక్రమంగా విడుదల చేస్తున్నది, ప్రతి కణమూ తన పని తాను చేస్తున్నదమ్మా అని చెప్పాను, ఒక్క అంకె కూడా తప్పు చెప్పలేదు, అందులో అబద్ధం లేదు, ఆ పిల్ల కాగితాలు గుండెలకు అదుముకొని ఫోను తీసి అందరికీ అమ్మ కోలుకుంటోందని చెప్పుకుంటూ పోయింది, అప్పుడు అడ్డుపడవలసింది, అడ్డుపడలేదు, నా పాఠాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

లోపల చల్లగా ఉన్నది, తెర పక్కకు లాగారు, చెల్లెలు వెల్లకిలా పడుకొని ఉన్నది, ఆమె ఎన్నడూ వెల్లకిలా పడుకోదు, చిన్నప్పటి నుంచి బోర్లా పడుకొని ముఖం దిండులో దాచుకునేది, ఊపిరాడదే అని అమ్మ తిడితే, నాకాడుతుందిలే అనేది, వెంటిలేటర్ తన లయలో గాలి తోస్తున్నది, ఛాతీ లేస్తున్నది, పడుతున్నది, ఎంత చక్కని శ్వాస, చెల్లెలు ఎప్పుడూ ఇంత క్రమశిక్షణతో ఏ పనీ చేయలేదు, బుగ్గలకు రంగు ఉన్నది, చేయి ముట్టుకుంటే వెచ్చగా ఉన్నది, ఈ వెచ్చదనం ఎక్కడిది, వెంటిలేటర్ గాలి తోస్తుంది గాని వేడి పుట్టించదు, ఇది కణాల పొయ్యి, సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగుతున్న గ్లూకోజు కండరంలోకి పోయి ముక్కలవుతున్నది, ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి పోయి, శక్తి పుట్టించే రసాయన చర్యల చక్రంలో పడుతున్నాయి, ఆ చక్రాన్ని బోర్డు మీద సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతతో గుండ్రంగా గీసేవాడిని, నాకు చక్రం మాస్టారని పేరు అందుకే వచ్చింది, వెనకాల అనుకునేవారు, నాకు తెలియదనుకునేవారు, చక్రంలోకి ఎక్కిన కర్బనం మరో గుమ్మం నుండి బొగ్గుపులుసు వాయువుగా దిగిపోతుంది, ఖాళీ అయిన అణువు మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడుతుంది, మరొకదాన్ని ఎక్కించుకోవడానికి, ఎవరి కోసమని అడగదు, జీవం అంటే స్థిరంగా ఉండడం కాదు, స్థిరంగా కనిపించే ప్రవాహం, ప్రవాహం ఆగి అన్నీ సమతాస్థితికి వస్తే దానినే మరణం అంటాము అని చెప్పి ఒక్క క్షణం ఆగేవాడిని, అక్కడ పిల్లలు కలాలు ఎత్తి చూసేవారు, ఆ క్షణమంటే నాకు ఇష్టం, మరి ఇక్కడ ప్రవాహం ఆగలేదు, నా నిర్వచనం ప్రకారం నా చెల్లెలు, ఇదే చిక్కు, ఇదే చిక్కు, నా నిర్వచనం ప్రకారం ఆమె నిక్షేపంగా ఉన్నది.

నర్సు దుప్పటి నడుము దాకా మడిచి, ఛాతీ కదలిక కనబడాలి సార్ అన్నది, క్షమాపణ అడిగినట్టు, ఆమె నోట్లో ఏదో చప్పరిస్తున్నది, లవంగం వాసన, ఈత కొలను వాసన మాత్రం పోలేదు, చెల్లెలి జుట్టులోంచి ఇంకా వస్తున్నది, ఘాటైన క్లోరిన్, ఎన్ని షాంపూలు మార్చినా పోదు అన్నయ్యా, నేను పోయాక కూడా వదలదు అనేది, మా చిన్నప్పుడు క్లోరిన్ లేదు, ఇంటి వెనక సిమెంటు తొట్టి ఉండేది, పచ్చని పాకుడు, నీళ్ళు ఎప్పుడూ చల్లగానే, ఇద్దరం చెరో అంచున మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కసారే ముఖాలు ముంచేవాళ్ళం, ఎవరు ముందు తల ఎత్తితే వారు ఓడినట్టు, పందెం ఒక్కటే, ఓడినవారు జుట్టు ఆరకముందే ఓడిపోయానని నోటితో చెప్పాలి, చెల్లెలు నాకంటే చిన్నది, ఊపిరితిత్తులు చిన్నవి, రక్తం తక్కువ, శాస్త్రప్రకారం గెలవవలసినది నేను, ప్రతిసారీ నా తలే ముందు లేచేది, కళ్ళ నుండి నీళ్ళు కారుతూ, దగ్గుతూ నేను అంచు పట్టుకొని చూస్తూ ఉంటే ఆమె రెండు జడలు నీటి మీద తేలుతూ కదలకుండా ఉండేవి, భయమేసి భుజం పట్టి లాగేవాడిని, ముఖమంతా నవ్వుతో పైకి వచ్చి, చెప్పు, ఓడిపోయానని చెప్పు అనేది, ఇది ఓటమి కాదు, నాకు జలుబు చేసింది, నువ్వు ముంచే ముందు గాలి ఎక్కువ పీల్చావు, నా వైపు నీళ్ళు ఎక్కువ చల్లగా ఉన్నాయి, ఏదో ఒకటి చెప్పేవాడిని, మాటలు కాదు అన్నయ్యా, ఒక్క మాట చాలు, ఒక్క మాట, అమ్మ వంటింట్లోంచి, తడి తలలతో లోపలికొస్తే ఇద్దరి వీపులూ చీరేస్తాను అని అరిచేది, ఎండలో నిలబడేవాళ్ళం, నేను ఇంకా కారణాలు చెబుతూ ఉండగానే ఇద్దరి జుట్టూ ఆరిపోయేది, అలా ఆమె చేప అన్న పేరు తెచ్చుకున్నది, నేను మాత్రం కాలేజీలో చేరి, పాఠంలో మొదటిసారి శ్వాస గురించి చదివిన రోజు, ఇంటికి వచ్చి ఆమెకు తెలియజేశాను, చూడవే, మన చేత తల ఎత్తించేది గాలి లేకపోవడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం, నా శరీరం దానిని చురుకుగా గుర్తిస్తుంది కాబట్టి నేను ముందు లేస్తాను, నిజానికి నా మెదడు నీ మెదడు కంటే బాగా పనిచేస్తున్నదన్నమాట, అదేం వాయువు అన్నది, మీ తెలుగు పుస్తకంలో బొగ్గుపులుసు వాయువు అని ఉంటుంది చూడు అంటే పొట్ట పట్టుకొని నవ్వింది, మన ఒంట్లో బొగ్గూ ఉందీ పులుసూ ఉందీ, ఇంకేం, పొయ్యి ఒక్కటే తక్కువ అన్నది, పొయ్యి కూడా ఉన్నది అని నేను గంభీరంగా చెప్పాను.

మొదలుపెడుతున్నాం సార్, అన్నాడు వెనక బెంచీ, ఇంకో డాక్టరు కాళ్ళ వైపు నిలబడ్డాడు, ఒకరు చూసినది ఇంకొకరు కూడా చూడాలట, చేతులు గానీ వేళ్ళు గానీ కొద్దిగా కదలొచ్చు సార్, అది వెన్నుపాము పని, మెదడుది కాదు, చూసి ఆశ పెట్టుకోవద్దు, అన్నాడు, నాకు తెలుసు అన్నాను, రక్తం కొంచెం తీసి పరీక్షకు పంపారు, బొగ్గుపులుసు నలభై చిల్లర, అది అరవై దాటాలి, నర్సు గొట్టాన్ని వెంటిలేటర్ నుండి విడదీసింది, యంత్రం రెండుసార్లు కీచుమన్నది, ఆమె దాని నోరు నొక్కేసింది, ఛాతీ ఒక్కసారి దిగింది, దిగి అక్కడే ఉన్నది, అందరి కళ్ళూ అక్కడే, పక్కటెముకల కింద చర్మం, ఎడమ వైపు చిన్న పుట్టుమచ్చ, అది నాకు తెలియదు, అన్నకు తెలియవలసిన అవసరం లేదు, గోడ గడియారం ముల్లు అడుగడుగునా ఒకసారి వణికి ముందుకు పోతున్నది, మానిటర్ మీద గుండె గీత నడుస్తున్నది, ఇప్పుడు కండరాలలో, కాలేయంలో, ప్రేగుల గోడలలో పుట్టే ప్రతి బొగ్గుపులుసు అణువూ రక్తంలోకి దిగి దారి వెతుక్కుంటుంది, దారి లేదు, నీటితో కలిసి ఆమ్లమవుతుంది, కొంత ఆమ్లాన్ని రక్తం సర్దుకుంటుంది, ఇంటికి వచ్చిన చుట్టాలను గదుల్లో సర్దినట్టు, ఆపైన చోటు చాలక మెదడు కాండం గుమ్మం దాకా పోతుంది, ఇప్పుడు వేలు కదులుతుందేమో, కదిలితే వెన్నుపాము, నాకు తెలుసు, తెలిసినా చూపుడువేలు వైపే చూస్తున్నాను, కదలలేదు, వెన్నుపాము కూడా మర్యాద పాటించింది, తలుపు తడుతుంది, ఇదెవరి మాట, చెల్లెలి మాట, కొలను దగ్గర పిల్లలను గట్టు పట్టుకొని వరుసగా నిలబెట్టి చెప్పేది, ముఖం నీళ్ళల్లో పెట్టాక కాసేపటికి గుండెల్లో ఎవరో తలుపు తడతారర్రా, భయపడకండి, అది బొగ్గుపులుసు, దొంగ కాదు, చావు కాదు, తట్టనివ్వండి, వెంటనే తియ్యకండి, ఇంకోసారి తట్టాక మెల్లిగా లేచి తియ్యండి, ఒకరోజు ఎందుకో ఆ దారిన పోతూ కొలను గట్టు మీద నిలబడి విన్నాను, కోటు వేసుకొని ఉన్నాను, పిల్లలకు తప్పులు నేర్పకు, తలుపూ లేదు తట్టడమూ లేదు, రక్తంలో హైడ్రోజన్ అయాన్ల గాఢతను గ్రాహకాలు గుర్తిస్తాయి అని అందరి ముందూ అన్నాను, ఆమె విజిల్ నోట్లోంచి తీసి, మా అన్నయ్యర్రా, చక్రం మాస్టారు, ఈయనకి అన్నీ తెలుసు, ఈత తప్ప, అన్నది, పిల్లలు నీళ్ళు చిమ్ముతూ నవ్వారు, మేనకోడలు కూడా ఆ వరుసలో ఉన్నది, జడలు పైకి కట్టుకొని, చిన్నది, అది కూడా నవ్వింది.

ఛాతీ కదలలేదు, గడియారం ముల్లు పోతున్నది, నా గొంతు దగ్గర ఏదో బిగిసినట్టున్నది, కాలర్ గుండీ కాదు, డొక్కలు లోపలికి లాక్కుంటున్నాయి, చెవులలో హోరు, దుఃఖం వస్తున్నదేమో, ఇన్నాళ్ళకు వస్తున్నదేమోనని పరిశీలనగా చూసుకున్నాను, దుఃఖం కాదు, నేను ఊపిరి తీయడం లేదు, గొట్టం విడదీసినప్పటి నుంచీ తీయడం లేదు, ఎవరూ చెప్పలేదు, నేను అనుకోనూ లేదు, ఆమె ముఖం ముంచగానే నేనూ ముంచాను, ఈ వయసులో, చేతికర్ర పట్టుకొని, సరే చూద్దాం అనుకున్నాను, ఈసారి జలుబు లేదు, ఆమె వైపు నీళ్ళు వేరు నా వైపు నీళ్ళు వేరు కావు, బిగపట్టాను, పుట్టుమచ్చ వైపు చూస్తూ బిగపట్టాను, కదులు, కదిలితే గెలిచేది నేనే అయినా ఫరవాలేదు, ఓడు, ఒక్కసారి ఓడవే, గుండెల్లో తట్టడం మొదలైంది, మళ్ళీ తట్టింది, ఇంకా గట్టిగా, పిడికిలితో, కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఈదుతున్నాయి, నేను తియ్యను అనుకుంటూ ఉండగానే, నేను అనుమతించకుండానే, నా పదవి, నా చదువు, నా నిర్వచనాలు ఏవీ అడగకుండానే, లోపలెవరో విసురుగా లేచి తలుపు తీసేశారు, గది మొత్తం వినబడేటంత చప్పుడుతో గాలి నాలోకి దూకింది, దగ్గు వచ్చింది, కర్ర జారింది, నర్సు నా మోచెయ్యి పట్టుకొని, సార్, కూర్చోండి సార్, కుర్చీ వెయ్యనా అన్నది, వద్దమ్మా, అన్నాను, తడిసిన కళ్ళతో చూస్తే చెల్లెలు అలాగే ఉన్నది, జడలు నీటి మీద తేలుతున్నట్టు, కదలకుండా, ఇప్పుడు భుజం పట్టి లాగడానికి చేయి ముందుకు పోయింది కూడా, దుప్పటి అంచు దగ్గర ఆగింది.

రక్తం మళ్ళీ తీశారు, గొట్టాన్ని తిరిగి వెంటిలేటర్‌కు తగిలించారు, ఛాతీ ఎప్పటిలాగే లేవడం పడడం మొదలుపెట్టింది, ఏమీ జరగనట్టు, అందరం అంకె కోసం నిలబడ్డాము, వెనక బెంచీ చేతిలోకి చీటీ వచ్చింది, డెబ్బై ఒకటి సార్, అన్నాడు, బాగుంది, అన్నాను, అన్నాక ఆ మాట నా చెవిన పడింది, ప్రయోగశాలలో కుర్రవాళ్ళు సరైన ఫలితం తెచ్చి చూపిస్తే అనే బాగుంది అదే, అతడు తల ఎత్తి నా వైపు చూసి మళ్ళీ దించుకున్నాడు, ఏమనుకున్నాడో, కాని బాగుండడం మాత్రం నిజం, ఆ డెబ్బై ఒకటి ఎవరు తెచ్చారు, ఆమె కండరాలే తెచ్చాయి, ఆమె కాలేయమే తెచ్చింది, ఊపిరి లేని ఆ కాసేపూ ఒక్క కణం కూడా పని మానలేదు, కాల్చగలిగినంత కాల్చి, పుట్టించగలిగినంత పుట్టించి, మెదడు గుమ్మం దాకా మోసుకుపోయి తట్టాయి, చచ్చినవి ఇంత తేలేవు, ఆమె లేదని రుజువు చేసినది ఆమెలో బ్రతికి ఉన్నదే, ఇన్ని కోట్ల కణాలు కలిసి తలుపు తట్టాయి, లోపల తీసేవారు లేరు, నేను మేనకోడలికి చెప్పినదంతా నిజమే, ప్రతి కణమూ తన పని తాను చేస్తున్నది, ఇల్లంతా దీపాలు వెలుగుతున్నాయి, పొయ్యి మండుతున్నది, కుళాయిలో నీళ్ళు వస్తున్నాయి, ఇవన్నీ చూపించి ఇంట్లో మనిషి ఉన్నదని చెప్పాను, మనిషి ఉన్నదా అని ఆ పిల్ల అడిగితే దీపాలు లెక్కబెట్టి చెప్పాను.

తలుపు తెరుచుకొని నడవలోకి వచ్చేసరికి మేనకోడలు నిలబడే ఉన్నది, ప్లాస్టిక్ సంచి చేతికి చుట్టుకొని, విజిల్ బయటికి తీసి పిడికిట్లో పెట్టుకున్నది, సలహాదారు దూరంగా కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నట్టు నటిస్తున్నది, చెప్పండి మామయ్యా, అన్నది, చూడమ్మా, మెదడు కాండంలో ఊపిరిని నియంత్రించే ఒక భాగం ఉంటుంది, అది రక్తంలోని ఆమ్లత్వాన్ని, అని మొదలుపెట్టాను, నా గొంతు చాలా సవ్యంగా, చివరి బల్లకు కూడా వినబడేటట్టు పలికింది, పాఠం వద్దు మామయ్యా, దణ్ణం పెడతాను, పాఠం వద్దు, మొన్న పాఠం చెప్పారు, అది పట్టుకొని ఇన్నాళ్ళు కూర్చున్నాను, అమ్మ ఉందా లేదా, అంతే, అన్నది, మరణించినది అంటే నా నిర్వచనానికి పొసగదు, పోయింది అంటే ఎక్కడికి అని నేనే ఎవరినో అడుగుతాను, ఇంగ్లీషులో దీనికి బ్రెయిన్ డెత్ అని చక్కని రెండు మాటలున్నాయి, ఆ రెండూ ఆ పిల్ల ముఖం చూసి నాలుక చివర నుండే వెనక్కు పోయాయి, విజిల్ తాడు ఆమె వేళ్ళ మధ్య నుండి వేలాడుతున్నది, అప్పుడు నా నోట ఆ మాట వచ్చింది, బొగ్గుపులుసు తలుపు తట్టిందమ్మా, చాలాసేపు తట్టిందా అన్నది, చాలాసేపు, గట్టిగానా, చాలా గట్టిగా, నువ్వైనా నేనైనా తీసేసేవాళ్ళం, నేను తీసేశాను కూడా, మీ అమ్మ తియ్యలేదు, ఆమె నా ముఖం వైపే చూసింది, అమ్మ ఎప్పుడూ లేటుగానే తీసేది మామయ్యా, ఇంకొంచెంసేపు చూడకపోయారా అన్నది, లేదమ్మా, అన్నాను, లోపల ఎవరూ లేరు, అమ్మ లేదు, ఆ రెండు మాటలకు ముందు గాని వెనుక గాని ఏ కారణమూ చేర్చలేదు, ఆ పిల్ల నా కోటు గుండీల దగ్గర నుదురు ఆనించి, చప్పుడు లేకుండా, నీళ్ళల్లో ముఖం పెట్టినట్టు, చాలాసేపు అలాగే ఉన్నది, ఊపిరి తియ్యడం లేదేమోనని నాకు భయం వేసింది, చేయి ఎత్తి భుజం మీద వేశాను, అప్పుడు తీసింది, పెద్దగా, వణుకుతూ, తీసిందని నా అరచేతికి తెలిసింది.

సలహాదారు వెంట మేనకోడలు గదిలోకి వెళ్ళింది, పోతూ పోతూ విజిల్ నా చేతిలో పెట్టి, పట్టుకోండి, సంతకం పెట్టి వస్తాను అన్నది, బెంచీ మీద కూర్చున్నాను, ఎదుటి గోడకు ఎవరో వేసిన రంగు ఒక మూల పెచ్చులు లేచింది, ఒక ఉద్యోగి చక్రాల బల్ల తోసుకుంటూ పోయాడు, దాని చక్రాలలో ఒకటి కీచుమంటున్నది, ఇంకాసేపటిలో ఆ కాలేయం ఎవరి పొట్టలోనో కూర్చొని ఎవరి గ్లూకోజునో సర్దుతూ ఉంటుంది, ఎవరి కోసమని అడగదు, ఆ మూత్రపిండాలు ఎవరి ఆమ్లాన్నో వడగడతాయి, చక్రం తిరుగుతూనే ఉంటుంది, ఎవరి ముక్కు నుండో ఆ బొగ్గుపులుసు బయటికి పోతుంది, వారి గుండెల్లో తట్టినప్పుడు తీసేవారు వారిలో ఉంటారు, ఇదంతా నాకు తెలుసు, పరీక్షలో అడిగితే పూర్తి మార్కులు వేసుకునేటంత తెలుసు, తెలిసినదేదీ నన్ను తాకడం లేదు, నా ఛాతీ మాత్రం లేస్తున్నది, పడుతున్నది, నేను చెప్పకుండానే, నన్ను అడగకుండానే, ఇన్నేళ్ళూ నేను నడుపుతున్నాననుకున్న దానిలో నేను కేవలం కూర్చొని ఉన్నాను, విజిల్ చల్లగా ఉన్నది, ముక్కు దగ్గర పెట్టుకుంటే క్లోరిన్, ఆమె జుట్టు ఇంకా ఆరలేదేమో అన్న ఒక అర్థం లేని ఆలోచన వచ్చింది, నర్సు తుడిచి ఉంటుంది గదా, ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, కాని అందులో నీటి వాసన ఉన్నది, ఉన్నంతసేపు గడువు ఉన్నట్టే, ఇది నా చదువుకు తగిన తర్కం కాదు, అయినా సరే, గది తలుపు వైపు చూసి, నడవలో ఎవరూ వినకుండా, జలుబు సంగతి గాని నీళ్ళ చల్లదనం సంగతి గాని ఎత్తకుండా, ఓడిపోయానే చేపా, అన్నాను, ఆ మాట ఇంత చిన్నదని నాకు తెలియదు.